విప్పి చూసిన మనిషి – జి.డి. నాయుడు గారు

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని పూర్వ విద్యార్థులమైన మమ్మల్ని అడిగారు. అంబేడ్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, మన మన్యం వీరుడు అల్లూరి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. అయితే మా బ్యాచీలో ఎక్కువమందిమి మోటారు పని మీద బతుకుతున్నవాళ్ళం. కొందరం షెడ్డుల్లో మెకానిక్కులం, కొందరం లారీలు తోలుతున్నాం, ఒకరిద్దరం ఐటీఐ పూర్తి చేసి కంపెనీల్లో చేరాం. అందుకని మా పనికి దగ్గరైన మనిషిని ఎంచుకున్నాం. ఆయన పేరు జి.డి. నాయుడు. ఊరు కోయంబత్తూరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు.

ఆయన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మొన్న సెలవుల్లో హాస్టలుకి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఫోనులో అమెరికా డ్రాగ్ రేసు చూపించాడు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు వెలగగానే తిన్నగా దూసుకుపోతాయి, కళ్ళు మూసి తెరిచేలోగా పందెం అయిపోతుంది. ఆ ఇంజనుకి ఏ ఆయిల్ ఫిల్టరు వేస్తారన్నా, అదే మన బండికి వేస్తే స్పీడు పెరుగుతుందా అని వాడు అడిగాడు. నవ్వి ఊరుకోబోయాం. కాని ఆ ప్రశ్నకి మేము పాత బాకీదారులం.

ఆ బాకీ సంగతి ముందు చెప్పేస్తాం. హాస్టలు వదిలిన కొత్తలో మేము ముగ్గురం కలిసి ఒక పాత వంద సీసీ బండి కొన్నాం. అమ్మినవాడు ఆయిలు మార్చే ఇచ్చానన్నాడు, మేము నమ్మాం. డిప్‌స్టిక్ తీసి చూడాలన్న ఇంగితం కూడా మాకు లేకపోయింది. సైలెన్సరు మార్చాం, స్టిక్కర్లు అంటించాం, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద పందేలు కట్టాం. రోడ్డు మీద పందెం నేరమని, ఎదురొచ్చేవాళ్ళ ప్రాణం కూడా మన చేతిలో ఉంటుందని అప్పుడు ఆలోచించలేదు. ఓ సాయంత్రం నిండు వేగంలో ఇంజను పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయి బండి ఈడ్చుకుపోయింది. తోలుతున్నవాడికి మెడ కింద ఎముక విరిగింది. మూడు నెలలు కూలికి పోలేదు. వాళ్ళమ్మ మా ముఖం చూడలేదు.

షెడ్డులో మేస్త్రి ఇంజను విప్పారు. ఆ రకం చిన్న బండ్లలో లారీకి ఉన్నట్టు డబ్బా ఫిల్టరు ఉండదు. క్రాంకుతో పాటు గిర్రున తిరిగే చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. మజ్జిగ చిలికితే వెన్న ఒక పక్కకి చేరినట్టు, ఆ తిరుగుడుకి ఆయిల్లోని మురికి గిన్నె అంచుకి చేరి అక్కడే అంటుకుంటుంది. కింద ఛాంబరులో ఒక ఇనప జల్లెడ ఉంటుంది. మేస్త్రి ఆ గిన్నె మూత తీసి, లోపలున్న నల్లటి ముద్దను వేలితో తీసి మా అరచేతిలో పెట్టారు. చెరువు అడుగు బురదలా ఉంది. జల్లెడ కన్నాలు సగానికి పైగా పూడుకుపోయాయి. ఆయన మమ్మల్ని తిట్టలేదు. ఇంతకు ముందెప్పుడైనా ఇది విప్పి చూశారా అని మాత్రం అడిగారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మాలో ఒకడు లారీ మీద లోడుతో కోయంబత్తూరు వెళ్ళాడు. దింపుడుకి ఒక పూట ఆలస్యమైతే, ఊరికే కూర్చోలేక అవినాశి రోడ్డులోని జి.డి. నాయుడు మ్యూజియం చూసి వచ్చాడు. వచ్చి చెప్పిన మొదటి మాట, ఆ పెద్దాయన మోటారు సైకిలు తోలడానికి కాదట, విప్పడానికి కొన్నాడట అని. అప్పటి నుంచి మాకు ఆయన మీద అభిమానం.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. పూర్వం ఎప్పుడో అటు వలసపోయి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. పసితనంలోనే తల్లి పోయింది. చదువు అబ్బలేదు. అల్లరి ఎక్కువై మూడో తరగతితో బడి ఆగిపోయింది. పొలం పనికి పెట్టారు. పొలంలో కూర్చునే తమిళ పుస్తకాలు తనంతట తాను చదువుకున్నారు.

యౌవనంలో ఒక రోజు ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద ఆ పల్లెకు వచ్చాడు. అది రడ్జ్ కంపెనీ బండి. ఎద్దూ గుర్రమూ లేకుండా నడిచే బండి ఆ ప్రాంతంలో వింత. జనం చుట్టూ మూగి చూశారు, చూసి ఇళ్ళకు పోయారు. దొరస్వామికి మాత్రం అది ఎలా నడుస్తుందో తెలుసుకోకపోతే నిద్ర పట్టదు అన్నట్టయింది. ఇల్లు వదిలి కోయంబత్తూరు పోయి హోటలులో సర్వరుగా చేరారు. సుమారు మూడేళ్ళు ఎంగిలి బల్లలు తుడిచి, డబ్బు కూడబెట్టి, అలాంటి బండిని సొంతం చేసుకున్నారు. ముక్క ముక్కగా విప్పారు. మళ్ళీ బిగించారు. ఆయన చదివిన ఇంజనీరింగు కాలేజీ అదే.

ఇక్కడ మోటారు పని చేసేవాళ్ళుగా మేము ఒక మాట చెప్పాలి. ఆ కాలపు మోటారు సైకిళ్ళలో ఆయిల్ ఫిల్టరు అనేది లేదు. ఆయిలు వేరే చిన్న ట్యాంకులో ఉండేది. నడిపేవాడే దారిలో చేత్తో పంపు కొట్టి ఇంజనులోకి ఆయిలు వదలాలి. లోపలికి పోయిన ఆయిలు కొంత కాలిపోయేది, కొంత రోడ్డు మీద కారిపోయేది. తిరిగి వచ్చే ఆయిలే లేనప్పుడు వడకట్టేదేముంది? ఎప్పుడు పంపు కొట్టాలో చెవితో విని, పొగ చూసి తెలుసుకోవాలి. తక్కువ కొడితే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువ కొడితే ప్లగ్గు నల్లబడి ఆగిపోతుంది. అలాంటి బండిని విప్పి బిగించి నడిపిన మనిషికి ఆయిలు విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

మధ్యలో పత్తి వ్యాపారం చేశారు, దెబ్బ తిన్నారు. ఆ తర్వాత కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషాయన ఈ కుర్రాడి పనితనం చూసి అప్పు ఇచ్చి ఆదుకున్నాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తిప్పడం మొదలుపెట్టారు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1933 నాటికి దానికింద 280 బస్సులు తిరిగేవని చెబుతారు.

280 బస్సులంటే ఏమిటో మన నర్సీపట్నం ఆర్టీసీ డిపో గేటు దగ్గర పొద్దున్నే నిలబడితే కొంత తెలుస్తుంది. ఒక్క బస్సు దారిలో ఆగితే ఎంతమంది పని చెడుతుందో, చింతపల్లి వైపు ఘాటు రోడ్డు మీద లంబసింగి చలిలో కూర్చున్న ప్రయాణికులకి బాగా తెలుసు. నాయుడు గారి నాటికి తారు రోడ్లు తక్కువ, దుమ్ము ఎక్కువ. దుమ్ము గాలితో పాటు ఇంజనులోకి పోతుంది, ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు అప్పుడు ఆకురాయి పొడి కలిపిన నూనె అవుతుంది. బేరింగులు, బోరు, రింగులు అన్నిటినీ అదే తినేస్తుంది. మన క్వారీ లారీలకి ఈ నాటికీ జరిగేది ఇదే.

ఆయిల్ ఫిల్టరు సరిగ్గా ఆ రోజుల్లోనే పుట్టింది. 1923లో, అంటే మన మన్యంలో అల్లూరి పోరాటం సాగుతున్న ఏడాదిలోనే, అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ అనే ఆయన మోటారు ఇంజనుకి ఆయిలు వడకట్టే సాధనం తయారుచేసి ప్యూరోలేటర్ అని పేరు పెట్టాడు. మరుసటేడు క్రైస్లర్ కారుకి అది బిగించి వచ్చింది. అంతకు ముందు ఉన్నదల్లా పంపు మూతి దగ్గర ఒక జల్లెడ, తరచుగా ఆయిలు మార్చడం, అంతే. మొదటి ఫిల్టర్లలో కూడా ఆయిలంతా పోయేది కాదు. కొంచెం పక్కదారిన ఫిల్టరులోకి పోయి వడకట్టుకుని తిరిగి ఛాంబరులో పడేది, మిగతాది మురికితోనే బేరింగులకి పోయేది. ఆయిలంతా ఫిల్టరు గుండా పోయే పద్ధతి తర్వాత వచ్చింది. ఇప్పుడు మనం చేత్తో తిప్పి బిగిస్తున్న డబ్బా ఫిల్టరు 1950ల నాటిది.

అంటే నాయుడు గారు బస్సులు నడిపిన మొదటి రోజుల్లో ఇంజను ఆయుష్షు మనిషి శ్రద్ధ మీదే ఆధారపడింది. ఆయన టైము విషయంలో, క్రమశిక్షణ విషయంలో చాలా గట్టివారని ప్రసిద్ధి.

బస్సులతో ఆగలేదు. 1930ల్లో జర్మనీ తదితర దేశాలు తిరిగి వచ్చారు. అక్కడి యంత్రాలు చూశారు. చిన్న మోటారుతో, బ్యాటరీ సెల్లుతో నడిచే గడ్డం గీసుకునే రేజరు తయారుచేయించారు. దాని పేరు రసాంత్. 1937లో డి. బాలసుందరం గారితో కలిసి కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దాన్ని చెబుతారు. ఈ రోజు మన తాండవ ఆయకట్టు బోర్ల మీద, ఇళ్ళ నీటి ట్యాంకుల దగ్గర తిరిగే పంపుసెట్ల మీద కోయంబత్తూరు అని రాసి ఉండటం ఎవరైనా గమనించారా? ఆ ఊరు మోటార్ల ఊరుగా మారడంలో ఆ 1937 పనికి పెద్ద వాటా ఉంది.

1941లో అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకే ఇవ్వగలనన్నారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేసి రెండు వేల రూపాయలకు అమ్మాలనుకున్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పళ్ళరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా జాబితా పెద్దది. అన్నీ ఇక్కడ రాయడం మా ఉద్దేశం కాదు. పన్నుల భారానికి విసిగి, తాను తయారుచేసిన సామాన్లను తానే జనం ముందు పగలగొట్టిన ఘట్టం కూడా ఆయన జీవితంలో ఉంది. చేత్తో చేసిన వస్తువుని పగలగొట్టడం ఎంత బాధో పని చేసేవాడికే తెలుసు. ఆ పని సరైనదేనా అని మాలో మాకే వాదన జరిగింది. తేలలేదు.

ఆయన మూడో తరగతి మనిషి కదా, మనకెందుకు ఈ టెన్తు, ఇంటరు అని తమ్ముళ్ళు అడగవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం. కాని ఒక నిజం దాచకూడదు. ఆయన బడి మానేసినప్పుడు వెనక సొంత పొలం ఉంది. పత్తి వ్యాపారంలో పోగొట్టుకున్నా తిరిగి నిలబడటానికి ఒక ఇల్లు ఉంది. మనలో చాలామందికి బడి మానేస్తే వెనక ఉన్నది కూలి పనే. మన అమ్మానాన్నలు మనల్ని ఈ హాస్టలులో చేర్చింది అందుకే. ఆ తేడా చెప్పకుండా ఆయన కథ చెప్పడం మోసం అవుతుంది. పైగా ఆయన తన డబ్బు, స్థలం ఎక్కడ పెట్టారో చూడండి. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కాలేజీ రావడానికి ఆయనే కారకులు. అదే ఇప్పటి గవర్నమెంటు కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో చెప్పవచ్చని, విద్యార్థి చేతికి యంత్రం ఇస్తే చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన ప్రిన్సిపాలు పదవి వదిలేశారు. బడిని వదిలిన మనిషే కాలేజీ కట్టారు, ఆ కాలేజీలో పుస్తకం పక్కన పానా కూడా ఉండాలని పట్టుబట్టారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఇప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడి ప్రశ్న. డ్రాగ్ రేసు పాత లెక్క ప్రకారం పావు మైలు, అంటే 402 మీటర్లు. అమెరికాలో అతి వేగం బండ్లకి 2008 నుంచి వెయ్యి అడుగులకి తగ్గించారు. ఇంజను నిండు బలంతో పనిచేసేది కొద్ది సెకన్లు మాత్రమే. అంత తక్కువసేపు పనిచేసేదానికి ఫిల్టరుతో పనేమిటి అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆయిలు చల్లగా, చిక్కగా ఉండగానే ఇంజను ఒక్కసారి నిండు వేగానికి పోతే, ఆయిలు వత్తిడి అమాంతం పెరుగుతుంది. మామూలు కాగితం ఫిల్టరు గుండా అంత చిక్కటి ఆయిలు అంత వేగంగా పోలేదు. అప్పుడు ఫిల్టరులో ఉండే చిన్న స్ప్రింగు వాల్వు తెరుచుకుంటుంది. దాన్ని బైపాస్ అంటారు. వడకట్టని ఆయిలైనా సరే, అసలు ఆయిలు లేకపోవడం కంటే మేలని పెట్టిన ఏర్పాటు అది. కాని రేసు ఇంజనులో ఆ క్షణంలో ఒక లోహపు రవ్వ పోయినా బేరింగు గీతలు పడుతుంది. ఇంకా వత్తిడి పెరిగితే ఫిల్టరు డబ్బా ఉబ్బుతుంది, రబ్బరు రింగు జారి ఆయిలు చక్రాల కిందకి చిమ్ముతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అందుకని వాళ్ళు మందమైన రేకు డబ్బా, ఎక్కువ ఆయిలు పోనిచ్చే పొర, గట్టి స్ప్రింగు బైపాస్ ఉన్న ఫిల్టరు చూస్తారు. కొందరు బైపాస్ లేనిదే వేస్తారు, కాని అది పూడుకుపోతే ఇంజనుకి ఆయిలే అందదు కాబట్టి ప్రతిసారీ విప్పి చూసేవాళ్ళకే అది తగినది. పందేనికి ముందు ఆయిలు వేడి చేసుకుంటారు. మిథనాల్ లాంటి ఆల్కహాలు ఇంధనం వాడే ఇంజన్లలో ఇంధనం ఆయిల్లో కలిసి పాలలా తెల్లబడుతుంది, కాగితం పొర దానికి మెత్తబడి చెడుతుంది. వాళ్ళు కడిగి మళ్ళీ వాడుకునే స్టీలు జల్లెడ ఫిల్టరు వేస్తారు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మంచి కాగితం ఫిల్టరు అందులో మూడో వంతు ఉన్న రవ్వని కూడా చాలావరకు పట్టుకుంటుంది. స్టీలు జల్లెడ అంత సన్నగా వడకట్టదు, ఆయిలు మాత్రం ధారాళంగా పోనిస్తుంది.

కాబట్టి తమ్ముడూ, ఆ ఫిల్టరు తెచ్చి మన బండికి వేస్తే స్పీడు పెరగదు. రోజూ వందల కిలోమీటర్లు దుమ్ములో తిరిగే లారీకి సన్నగా వడకట్టే కాగితం ఫిల్టరే కావాలి. మరలు సరిపోయాయి కదా అని ఏదో ఒకటి బిగించడం మన షెడ్డుల్లో ఎక్కువగా జరిగే తప్పు. మర ఒకటే అయినా లోపల బైపాస్ వేరుగా ఉండవచ్చు. కంపెనీ పుస్తకంలో రాసిన నంబరే అడగాలి. పాత రబ్బరు రింగు ఇంజనుకి అంటుకుని ఉండిపోయిందేమో చేత్తో తడిమి చూడాలి, లేకపోతే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడి కారిపోతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిలు రాయాలి. రింగు తగిలాక చేత్తో ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా చాలు, పానాతో బిగించకూడదు. ఫిల్టరు నిలువుగా బిగించేదైతే ముందే సగం ఆయిలు నింపితే మొదటి క్షణాల్లో ఇంజను పొడిగా తిరగదు. మడ్డి ఆయిలు కాలవలో పారబోయకండి, డబ్బాలో పట్టి కొనేవాళ్ళకి ఇవ్వండి.

డ్రాగ్ రేసు మెకానిక్కుల దగ్గర నేర్చుకోవలసింది మాత్రం వేరే ఉంది. పందెం అయ్యాక వాళ్ళు ఫిల్టరు పారేయరు. డబ్బాని కోసి, లోపలి కాగితాన్ని చీర మడత విప్పినట్టు విప్పి వెలుతురులో చూస్తారు. అయస్కాంతానికి అంటుకునే రవ్వ ఇనుముది, క్యాముషాఫ్టు వైపు చూడాలి. అంటుకోకుండా తెల్లగా మెరిస్తే అల్యూమినియం కావచ్చు, పిస్టన్ అరుగుతోందేమో అనుమానించాలి. రాగి రంగు కనిపిస్తే బేరింగు పై పూత పోయి లోపలి పొర తేలిందన్నమాట, ఆ ఇంజను ఇక స్టార్టు చేయకూడదు. అన్నిటికంటే పెద్ద తరగతి బండ్ల ఇంజనునైతే ఒక్కొక్క పరుగుకీ విప్పి, ఆయిలు మార్చి, మళ్ళీ బిగిస్తారు. హోటలు జీతంతో కొన్న బండిని విప్పి పరిచిన ఆ కోయంబత్తూరు కుర్రాడు వాళ్ళని చూస్తే తన వాళ్ళే అనుకునేవాడని మా నమ్మకం.

వార్షికోత్సవం మర్నాడు ఆదివారం ఉదయం, షెడ్డులో మూలపడి ఉన్న పాత వంద సీసీ ఇంజను ఒకటి, లారీ నుంచి తీసిన వాడేసిన ఫిల్టర్లు నాలుగు తెచ్చి హాస్టలు వెనక వరండాలో పెడతాం. కోసే రంపం, అయస్కాంతం మేమే తెస్తాం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్ళు రండి. మా మెడ ఎముక విరిగినవాడు కూడా వస్తున్నాడు, గిన్నె మూత తీసి లోపల ఏముందో వాడే చూపిస్తాడు. మాసిన బట్టలు వేసుకోండి. మడ్డి మరక ఉతికినా పోదు.